పచ్చగీత ముందు కూర్చున్న మనిషి

మా బొగ్గుగని దవాఖానలో మిషన్లు బాగుచేసే, మేమంతా అన్నా అని పిలిచే ఆయన మొన్న బెల్లంపల్లిలో తన ఇంట్లోనే పోయాడు. జ్వరం ఊపిరితిత్తులకు ఎక్కిందట. ఇక్కడికి తెచ్చేలోపే అయిపోయిందని చెప్పడానికి వచ్చిన ఆయన తమ్ముడు వార్డు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. నర్సునై ఉండి, అతనికి గ్లాసుడు మంచినీళ్లివ్వడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

అన్న అంతకుముందు విమానదళంలో రాడార్ తెరల దగ్గర పనిచేశాడు. గుండె కొట్టుకోవడాన్ని పచ్చగీతలా చూపించే మిషన్ మా వార్డుకు వచ్చిన కొత్తలో దాన్ని ముట్టుకోవడానికే మేం భయపడేవాళ్లం. ఆయన వెనక మూత తీసి, గరాటులా మెడ సన్నగా, ముఖం వెడల్పుగా ఉన్న గాజుగొట్టాన్ని చూపించాడు. మెడలో తీగ వేడెక్కితే కంటికి కనపడని ఎలక్ట్రాన్లు దూసుకొచ్చి తెర లోపలి పూతకు తగులుతాయని, తగిలినచోట వెలుగు పుడుతుందని చెప్పాడు. రాడార్‌లోనూ, హైదరాబాదులో కొత్తగా వచ్చిన టీవీలోనూ ఉండేది ఇలాంటి గొట్టమేనట. "అక్కడ చుక్కంటే ఇమానం చెల్లే, ఇక్కడ చుక్కంటే మనిషి" అనేవాడు. రోజూ పొద్దున తెర మీది బొగ్గుదుమ్ము తువ్వాలతో తుడిచాకే చాయ్ తాగేవాడు. ఆ గీతను చదవడం నాకు ఆయనే ఓపిగ్గా నేర్పాడు.

ఒక ఎండాకాలం గనిలో పైకప్పు కూలి, ఒక కార్మికుణ్ణి తెచ్చారు. ఇంకా పెళ్లి కూడా కాలేదు. చేయగలిగిందంతా చేశామని డాక్టరు గారు చెప్పేశారు. మా జిల్లాలోనే ఉన్న జైపూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని, కొడుకు ముఖం కన్నా అతనికి తగిలించిన మిషన్ తెరనే ఎక్కువగా చూసింది. గీత లేచినప్పుడల్లా ఆమె గడ్డం కొద్దిగా లేచేది.

మధ్యాహ్నం దాటాక గీత మసకబారసాగింది. గొట్టం అరిగిపోయింది. అన్న మీటలన్నీ తిప్పాడు, మూత తీశాడు, చొక్కా చెమటతో తడిసిపోయింది. కొత్త గొట్టం బొంబాయి నుంచి రావాలి. చూస్తుండగానే తెర నల్లబడింది. ఆ తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

అన్న ఆమె పక్కన కూలబడి, ఆమె వేళ్లను కొడుకు మణికట్టు మీద పెట్టాడు. "తెర పోయింది అవ్వా, నీ కొడుకు పోలే. చూడు, కొట్టుకుంటాంది."

ఆమె చాలాసేపు అలాగే పట్టుకుని, "అవు బిడ్డా, కొట్టుకుంటాంది" అంది. వేళ్లు తీయకుండానే అడిగింది. "గిది ఆగకుంట చెయ్యరాదా?"

అన్న నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను.

సాయంత్రం షిఫ్టు సైరన్ మోగిన కాసేపటికి ఆ నాడి ఆగింది.

తర్వాత కొత్త గొట్టం వచ్చింది. ఆ మంచం మీది నుంచి ఎంతోమంది కోలుకుని ఇళ్లకు పోయారు. ఎవరైనా మెచ్చుకోబోతే మాత్రం అన్న, "సూపెట్టుడే మన చేతుల ఉన్నది" అని లేచి వెళ్లిపోయేవాడు.

ఆయన్ను తలుచుకుంటే నాకు ఆ సాయంత్రమే కనిపిస్తుంది. డాక్టరు గారు చూసి వెళ్లిపోయినా ఆ తల్లి వేళ్లు కొడుకు మణికట్టు మీదే ఉన్నాయి. తీయమని మేమెవరమూ అనలేదు. అన్న ఆ వేళ్ల మీద తన చెయ్యి కప్పి, బంధువులు వచ్చేదాకా నేల మీదే కూర్చున్నాడు.