అష్టమి నాటి హాజరు

సుధామణి మొదటి గెలుపు పదో తరగతి లెక్కల పేపరు. రెండుసార్లు తప్పి, మూడోసారి నలభై ఒక్క మార్కులతో గట్టెక్కింది. కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఆ పాలెంలో అంతకుముందు పది దాటిన ఆడపిల్ల లేదు. తర్వాత టీచర్ ట్రైనింగు పూర్తి చేసింది, అదీ పాలేనికి మొదటిదే. విజయవాడ పటమటలో ఉండే ఒక ట్రస్టు వాళ్లు బడి పెడతామని వస్తే, తాటాకు మోయించి పాక వేయించింది, గుమ్మం గుమ్మం తిరిగి పిల్లల్ని కూడగట్టింది. ఈ పదకొండేళ్లలో ఆమె చేతికింద అక్షరాలు దిద్దినవాళ్లలో ఇద్దరు నర్సులయ్యారు, ఒకడు లైన్‌మన్ అయ్యాడు, ఒక పిల్ల చల్లపల్లిలో డిగ్రీ చదువుతోంది. పక్కనున్న పెద్ద ఊళ్లకు ఇది లెక్కలోకి రాకపోవచ్చు. చేపల వేట తప్ప వేరే పని తెలియని పాలేనికి ఇది చిన్న సంగతి కాదు.

ఆ బడినే మూసేయాలని ట్రస్టు కమిటీ ఆలోచిస్తున్నట్టు ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. హాజరు చాలడం లేదట. చెప్పుకోవలసింది ఉంటే ఆదివారం మీటింగుకు రమ్మన్నారు. బడి పోతే ముప్పై ఎనిమిది మంది పిల్లలు మురుగుకాలువను పడవ మీద దాటి, నాలుగు కిలోమీటర్లు నడిచి పక్క ఊరికి పోవాలి. ఒక్కరూ పోరని సుధామణికి తెలుసు.

ఆదివారం పొద్దున తల్లి మంగాయమ్మను వెంటబెట్టుకుని బయలుదేరింది. సంచిలో పదకొండేళ్ల హాజరు పట్టీలు, వాటితోపాటు పదకొండు పంచాంగాలు. పామర్రులో బస్సు మారుతుంటే ఆ సంచి మోయలేక మంగాయమ్మ విసుక్కుంది.

"ఇన్ని పంచాంగాలెందుకే? ఎవరి పెళ్లికే ముహూర్తం?"

"బడి ఉంటుందో పోతుందో చూడ్డానికమ్మా. మెల్లగా ఎక్కు."

మీటింగులో పెద్ద కుర్చీ అమలమ్మగారిది. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిన మనిషి, మాట తక్కువ. ఆమె పక్కన దుర్గాప్రసాద్‌గారు. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినాయన, బడి మీద రిపోర్టు రాసింది ఆయనే.

"నాకెవరి మీదా కోపం లేదండీ," అని ఆయన మొదలుపెట్టాడు. "పాలెం పిల్లల హాజరు నూటికి డెబ్భై ఆరు. పక్క ఊళ్లో కూలీల పిల్లలది ఎనభై ఎనిమిది. వీళ్లూ పేదలే, వాళ్లూ పేదలే. పుస్తకాలూ భోజనమూ ఇద్దరికీ ఉన్నాయి. పేదరికమే కారణమైతే ఇద్దరికీ ఒకటే రావాలి కదా? ఒక్కో జాతికి తరాల నుంచీ ఒక్కో తీరు వస్తుంది. కొందరికి చదువు మీద మనసు పోదు. డబ్బు పోసి దాన్ని మార్చలేం."

సుధామణి లేచి పట్టీలు బల్ల మీద పెట్టి, ప్రతి పట్టీ పక్కన ఆ ఏటి పంచాంగం తెరిచింది.

"అమావాస్యకీ పున్నానికీ సముద్రం పోటు పెద్దదండీ. ఆ నాలుగైదు రోజులే మొగలో రొయ్య పడేది. మగాళ్లు వల కడతారు, ఆడాళ్లు ఏరతారు. ఆ రోజుల్లో హాజరు నలభై. మరి అష్టమి, నవమి, దశమి చూడండి. పోటుండదు, పనుండదు. తొంభై నాలుగు. మీరు చెప్పిన ఊరికంటే ఎక్కువ. మనసు పోకపోవడం రక్తంలోనే ఉంటే, అష్టమి నాడు ఆ రక్తం ఎక్కడికి పోయిందండీ?"

ఎవరో నవ్వారు. దుర్గాప్రసాద్‌గారు నవ్వలేదు.

"మీ సెలవు ఆదివారం," అంది సుధామణి. "మా మొగకి ఆదివారం తెలీదండీ."

"అంటే పిల్లల్ని పనిలో పెడుతున్నామని మీరే ఒప్పుకుంటున్నారు. అది అలవాటు కాదా?"

వెనక బెంచీ మీంచి మంగాయమ్మ అందుకుంది. "బాబుగారూ, చంటిదాన్ని గట్టు మీద వదిలేసి బురదలోకి దిగమంటారా? దాన్ని ఎత్తుకునేది పెద్దపిల్లే కదండీ. మీరొచ్చి ఎత్తుకుంటానంటే, రేపే బడికి పంపుతా."

"అమ్మా, కూర్చో," అంది సుధామణి.

దుర్గాప్రసాద్‌గారు ఒక పట్టీ తన వైపు లాక్కుని, రాని పిల్లల పేర్ల పక్క గడి మీద వేలు పెట్టాడు. "ఇక్కడ వేటనీ పోటనీ లేదే. జ్వరం. జ్వరం. జ్వరం. ఒకే రోజు ఇరవై ముగ్గురికి జ్వరం. ఈ రాత ఎవరిది?"

ఉద్యోగంలో చేరిన మొదటి నెల సుధామణి 'చేపలేరడానికి' అని రాయబోయి పెన్ను ఆపేసింది. అది చదివి పటమటలో నవ్వుకుంటారనిపించింది. ఆ నెల రాసిన జ్వరమే ఆ తర్వాత పదకొండేళ్లూ రాసింది.

"నాదేనండీ," అంది. "అబద్ధమే రాశాను. సిగ్గేసి రాశాను."

"మీరు లెక్కలు మూడుసార్లు రాశారని విన్నాను," అన్నాడాయన. "ఇది మాత్రం ఒక్కసారికే బాగా కుదిరింది. అబద్ధం రాశానని తనే చెప్పిన మనిషి పట్టీలు పెట్టుకుని, ఆమె వాదన నిజమని ఎట్లా నమ్మమంటారు అమలమ్మగారూ?"

"గైర్హాజరు నిజం సార్. కారణమే తప్పు రాశాను."

"ఆ మాటా మీరే చెప్పాలి!"

అమలమ్మగారు చాలాసేపు పట్టీలూ పంచాంగాలూ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత కళ్లజోడు తీసింది.

"ఒక్క ఊరితో తేలదమ్మా. పోటు మీద బతికే పాలేలు ఇంకా ఉన్నాయిగా. పన్నెండు చోట్ల, వేరే టీచర్లు రాసిన పట్టీలకు నకళ్లు తీసుకురా. ఏప్రిల్ పంతొమ్మిదిన కమిటీ కూర్చుంటుంది. నీ లెక్క నిలబడితే పోటు రోజుల్లో సెలవిచ్చి ఆదివారాలు బడి నడుపుదాం, చంటిపిల్లలకు ఆయాని పెడదాం. నిలబడకపోతే మూసేస్తాం. అప్పుడు నన్ను బతిమాలొద్దు."

"నిలబడితే నా రిపోర్టు నేనే వెనక్కి తీసుకుంటాను," అన్నాడు దుర్గాప్రసాద్‌గారు. ఆ మాట ఎకసెక్కంగా అనలేదు.

మార్చి మొదటి వారంలో, తను లేనన్నాళ్లు బడి చూసుకోడానికి పటమట నుంచి ట్రస్టు పంపిన మనిషికి తాళాలు అప్పగించి సుధామణి బయలుదేరింది. బందరు వైపు పాలేలు ముందు, అక్కడి నుంచి తీరం వెంట ఉత్తరంగా. కొన్ని బళ్లలో పట్టీలు చూపించడానికి ఒప్పుకోలేదు. ఒకచోట రెండు రోజులు వరండాలో కూర్చోబెట్టారు. ఇప్పటికి ఏడు పూర్తయ్యాయి. ఆరు చోట్ల లెక్క ఆమె చెప్పినట్టే ఉంది. ఏడో చోట అష్టమికీ అమావాస్యకీ తేడా లేదు, రెండు రోజులూ సగం బెంచీలు ఖాళీయే.

"అది వదిలెయ్యవే, ఎవరు చూడొచ్చారు?" అంది మంగాయమ్మ ఫోన్లో.

"రాసేశానమ్మా. ఎందుకట్లా ఉందో కనుక్కోవాలని ఇంకో రెండు రోజులు ఇక్కడే ఉంటున్నా."

"బడి పోతే?"

ఇంకా ఐదు పాలేలు మిగిలాయని చెప్పింది సుధామణి. ఆమె తిరిగి వచ్చేది ఏప్రిల్ పద్దెనిమిది, శనివారం, కమిటీ కూర్చునే ఆదివారానికి ఒక్క రోజు ముందు.