జానెడు పొట్టైన గౌను

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. నిచ్చెనక్క అంటే మాత్రం చంటిపిల్లలు కూడా వేలు చూపిస్తారు. అంత పొడగరి. పోనీ ఆ పొడుగంతా ఎవరైనా కళ్ళారా చూశారా అంటే, అదీ లేదు. పెళ్ళి ఫోటో తీసేటప్పుడు "కొంచెం కిందికమ్మా, పెళ్ళికొడుకు మరీ పొట్టిగా పడుతున్నాడు" అన్నాడు ఫోటోగ్రాఫరు. ఆ రోజు వంగిన మనిషి మళ్ళీ నిటారుగా నిలబడలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, మొగుడు పొట్టివాడైతే మానులూ వంగుతాయి.

మొగుడు టైలరు. "నా కొలత తప్పిన రోజు కత్తెర కింద పెట్టేస్తా" అనేది ఆయన ఊతపదం. పక్కన కూర్చుని కాజాలు కుట్టేదీ, బొత్తాలు వేసేదీ ఆవిడ. కూర్చుని చేసే పని కనుక పగలంతా వంగే బాధ లేదు.

ఈ ఏడాది వీధివాళ్ళంతా కలిసి జాతర ఊరేగింపుకి ఒక పెద్ద బొమ్మ చేద్దామనుకున్నారు. డ్రాయింగు మేష్టారు పూనుకున్నారు. వెదురుబద్దల చట్రం, పాత కాగితాలూ జిగురూ కలిపి చేసిన ముసలవ్వ తల, ఇంటింటి నుంచీ తెచ్చిన దుప్పట్లూ కర్టెన్లతో గౌను. గౌనులో దూరి, చట్రం భుజాలకి తగిలించుకుని నడిచే మనిషి కావాలి. మోసేవాళ్ళు ఎంత పొడుగైతే అవ్వ అంత పొడుగు. అందరి కళ్ళూ నిచ్చెనక్క మీద పడ్డాయి.

"నలుగురిలో నవ్వులపాలు కానా?" అందావిడ.

"లోపల ఎవరున్నారో కూడా కనబడదమ్మా" అన్నారు మేష్టారు. ఆ మాటకే ఒప్పుకుంది.

గౌను కుట్టే పని మొగుడిదే. కొలత ఇంట్లోనే తీశాడు. ఆయన టేపు ఎత్తగానే, చెయ్యి అందాలి కదా అని ఆవిడ భుజం దించింది. దించినట్టు ఆవిడకీ తెలీదు, ఆయనకీ తెలీదు.

ఊరేగింపు ముందురోజు సాయంత్రం అందరూ చూస్తుండగా అవ్వని ఎత్తుకుంది. అడుగు వేయగానే బొమ్మ ముందుకి తూలింది.

"నడుం వంచకమ్మా, బోర్లా పడుతుంది!" అని అరిచారు మేష్టారు.

ఆవిడ మెల్లగా వీపు నిలబెట్టింది. బరువు తేలికైపోయింది. గుడ్డల చీకట్లో, ఎవరూ చూడని చోట, తన పొడుగంతా నిలబడింది. ఎంత హాయిగా ఉందో! ఏడుపొచ్చేంత హాయి.

బయట అందరూ గొల్లున నవ్వారు. గౌను కింద జానెడు మేర కాళ్ళు కనబడుతున్నాయి.

"ఏమయ్యా టైలరూ, పెళ్ళాం కొలతే తెలీలేదా? కత్తెర కింద పెట్టేయ్ మరి!"

ఆ మాట లోపలున్న ఆవిడకి వినబడింది. ఆయనకున్న ఆస్తల్లా ఆ పేరొక్కటే. మోకాళ్ళు కాస్త మడిస్తే చాలు, కాళ్ళు దాగుతాయి, ఆయన మాట దక్కుతుంది. వంగటం తనకేమన్నా కొత్తా?

అంతలో గౌను అంచు దగ్గర టేపు కనబడింది, వెనకే ఆయన తల. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"వంగుతానండీ, సరిపోతుంది" అంది గుసగుసగా.

"ఇంత పొడుగా నువ్వు?" అన్నాడు. "వంగకు."

లేచి, అందరికీ వినబడేలా అన్నాడు: "కొలత నాదే తప్పు. కింద పట్టీ కలుపుతాను. అవ్వ మాత్రం వంగదు."

ఇంటికొచ్చాక మళ్ళీ టేపు తీసి "ఇలా రా" అన్నాడు. ఆవిడ అలవాటు చొప్పున భుజం దించబోయింది.

"ఆగు" అని ఆయన మిషను ముందున్న స్టూలు లాక్కుని, ఎక్కి నిలబడ్డాడు.