నిలబడి అన్నం తిన్న రోగి

1974 వానాకాలంలో నేను పటాన్‌చెరు దగ్గర ముప్ఫై పడకల ట్రస్టు ఆసుపత్రిలో జూనియర్ మెడికల్ ఆఫీసరుగా చేరాను. హోదా ఘనంగానే ఉండేది గాని, ఆసుపత్రి మొత్తానికి డాక్టర్లం ఇద్దరమే, సూపరింటెండెంట్ గారూ నేనూ. చుట్టుపక్కల ఫ్యాక్టరీ షెడ్లు ఒక్కొక్కటిగా లేస్తున్న రోజులవి. మా రోగుల్లో సగం మంది కొత్తగా పనిలో చేరినవాళ్లే.

శామ్యూల్ అలాంటివాడే. జోగిపేట వైపు పల్లెలో చర్చి బడి పంతులు గారి కొడుకు, ఇరవై రెండేళ్లు, ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద ట్రైనీ. ఎడమ ఊపిరితిత్తికి న్యుమోనియా వచ్చి మా దగ్గర చేరాడు. ఆరు గంటలకోసారి పెన్సిలిన్ సూది తుంటికి వేయమని కేస్ షీటులో రాశాను. ఐదో రోజుకు జ్వరం దిగింది, ఆయాసం పోయింది. నేను కాలర్ ఎగరేశాను. ఎనిమిదో రోజు సాయంత్రం జ్వరం మళ్లీ నూట ఒకటికి ఎక్కి నా కాలర్ దించింది.

న్యుమోనియా నయమవుతూ జ్వరం తిరగబెడితే మేము మొదట అనుమానించేది ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టిందేమోనని. అలాంటి రోగి నొప్పి ఉన్న వైపే ఒత్తిగిలి పడుకుంటాడు. శామ్యూల్ ఎప్పుడు చూసినా ఎడమ పక్కకే తిరిగి ఉండేవాడు. ఇంకేం కావాలి నాకు! వీపులోంచి రెండుసార్లు సూది దించి లాగాను. చుక్క రాలేదు. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి శుభ్రపడుతోంది. పెన్సిలిన్‌కు తోడు మరో మందు సూదిగానే మొదలుపెట్టాను. జ్వరం మాత్రం రోజూ సాయంత్రం వేళకు హాజరు.

పద్నాలుగో రోజున సూపరింటెండెంట్ గారు ఇది క్షయేనని తేల్చారు. క్షయ ఆసుపత్రికి ఉత్తరం రాసి సంతకం పెట్టి, మధ్యాహ్నం వ్యానులో పంపమన్నారు. ఆ ఉత్తరం శామ్యూల్‌కు ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. ఒకటో తారీఖుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తేనే అతని ఉద్యోగం పర్మనెంటు. క్షయ అన్న మాట కాగితం మీద పడితే గేటు లోపలికి రానివ్వరు. కఫం పరీక్షలో ఏమీ కనబడలేదని వాదించాను. మరి జ్వరానికి కారణం చెప్పమన్నారాయన. కేస్ షీటు మళ్లీ తిరగేసినా కారణం దొరకలేదు. సిగ్గేసింది.

ఆ కబురు వార్డుబాయ్ చేత పంపడానికి మనసొప్పక ఉత్తరం పట్టుకుని నేనే వెళ్లాను. భోజనాల వేళ నేను వార్డులోకి వెళ్లడం అదే మొదలు. మా రౌండ్లన్నీ పొద్దున, రోగులు పడుకుని ఉండగానే జరిగేవి. శామ్యూల్ కిటికీ దగ్గర పళ్లెం చేత పట్టుకుని నిలబడి తింటున్నాడు. పక్కనే మంచం ఖాళీగా ఉంది. కూర్చుని తినమన్నాను. తోడుగా ఉన్న వాళ్లమ్మ రత్నమ్మే జవాబు చెప్పింది.

"వారం సంది గిట్లనే తింటుండు సార్. కూసుంటే సూది పొడిసిన కాడ నొస్తదంట."

ఉత్తరం జేబులో కుక్కి అతన్ని బోర్లా పడుకోబెట్టాను. కుడి తుంటి పైకి ఏమంత వాచి లేదు. చేయి పెడితే మాత్రం కాలిపోతోంది. గట్టిగా నొక్కగానే శామ్యూల్ కేక పెట్టాడు. లావు సూది లోతుగా దించి లాగితే సిరంజి నిండా చిక్కటి చీము! చీము చూసి అంత సంతోషించినవాడు ఆ రోజు జిల్లాలో మరొకడు ఉండడు.

జరిగింది ఇదీ. మొదట్లో ఊపిరితిత్తి నొప్పికి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాడు. పైకి కనబడే కుడి తుంటికే నర్సు ప్రతి సూదీ వేసింది. అక్కడ గడ్డ కట్టాక, ఆ నొప్పికి మళ్లీ ఎడమ పక్కకే తిరిగాడు. నేను రాసిన సూదుల వల్ల వచ్చిన జ్వరాన్ని వారం రోజులు అతని ఊపిరితిత్తిలో వెతికాను. ఎందుకు చెప్పలేదని కోప్పడితే నా నోరు మూయించాడు.

"నొస్తదంటే సూదులు బంద్ చేస్తరని భయమైంది సార్. సూదులతోనే గద బతికిన."

కబురంపగానే సూపరింటెండెంట్ గారు చేతులు కడుక్కుని వచ్చారు. కాసేపు మత్తిచ్చి ఆయన చూస్తుండగా గడ్డ కోశాను. ట్రే సగం నిండింది. మర్నాటి సాయంత్రం థర్మామీటరు తొంభై ఎనిమిది దగ్గర ఆగింది. నమ్మకం చాలక మళ్లీ పెట్టి చూశాను. జ్వరం చార్టు మీద ఆ చుక్క నేనే పెట్టాను. ఎగిరి గంతేయాలనిపించింది.

ఒకటో తారీఖుకు ముందు రోజు గాయం దాదాపు పూడింది గాని, ఇంకా కట్టు ఉంది. సర్టిఫికెట్ మీద పెన్ను ఆపి, కూర్చుని చేసే పనా అని శామ్యూల్‌ను అడిగారు సూపరింటెండెంట్ గారు.

"కాదు సార్, లేతు కాడ ఎనిమిది గంటలు నిలవడుడే."

ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను. ఫిట్ అని రాసి సంతకం పెట్టారు. క్షయ ఆసుపత్రి ఉత్తరాన్ని నా చేత్తోనే చింపించారు.

న్యుమోనియా తరువాత ఆగని జ్వరానికి కారణం జబ్బులోనే ఉండాలని లేదు, మనం చేసిన వైద్యంలోనూ ఉండవచ్చు. రిటైరయ్యేదాకా అలాంటి రోగి దగ్గర నేను ముందు దుప్పటి తీసి సూదులు వేసిన చోటు చూశాను. ఆ తరువాతే ఎక్స్‌రే అడిగాను.