ప్రార్థన చివర ఫెబా మాట

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్లు చాలానే ఉన్నాయి. వాటిల్లో విగ్రహాల జోలికి పోని మనిషి ఒక్కడే, సంజీవయ్య. ఆదినారాయణ షెడ్డులో ఒక మూల కూర్చుని అక్షరాలు మాత్రం చెక్కుతాడు. గుడి శిలాఫలకమైనా సరే, సమాధి రాయైనా సరే. దేవుడికి రూపం చెక్కడం తన మతంలో లేదంటాడు. శనివారం ఉలి ముట్టడు. ఆదినారాయణ మొదట్లో తిట్టాడు, తర్వాత గొణిగాడు, చివరికి అలవాటు పడ్డాడు. అక్షరాన్ని అంత లోతుగా, సమంగా దింపేవాడు ఇంకొకడు దొరకలేదు మరి.

నేను మదార్‌ని. ఆ షెడ్డు పక్కనే నా కొలిమి. మొద్దుబారిన ఉలులు కాల్చి పదును పెట్టి ఇస్తాను. సంజీవయ్యది ఏం మతమని ఊళ్లోవాళ్లు ఆయన్ని అడగరు, నన్నడుగుతారు. చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది.

ఆయన పుట్టింది నంద్యాలలో క్రైస్తవుల ఇంట్లో. ఫెబాతో పెళ్లయ్యాక కోస్తా వైపు రాతి పనికి పోయాడు. అక్కడ ఒక ఊళ్లో యూదుల పద్ధతిలో బతికే తెలుగు కుటుంబాలు కొన్ని ఉండేవి. వాళ్ల ప్రార్థన గదికి ఒక రాయి చెక్కాడు. రాయి అయిపోయింది గానీ ఈయన కదల్లేదు. వాళ్ల మాటలు వింటూ అక్కడే ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి ఏసును దేవుడనడం మానేశాడు. నంద్యాల చుట్టాలు ఇంటికి రావడం మానేశారు.

ఫెబా మాత్రం మొండిది. నమ్మకాన్నీ వదల్లేదు, మొగుణ్నీ వదల్లేదు. పిల్లలు లేని ఆ ఇంట్లో శనివారం సెలవు ఆయనది, ఆదివారం సెలవు ఆమెది. ఇద్దరికీ కలిసి ఒక సెలవంటూ లేదు.

శుక్రవారం పొద్దుగూకితే ఆయన విశ్రాంతి దినం మొదలవుతుంది. ఆ పూట నన్నూ భోజనానికి పిలిచేవాళ్లు. తనకు ఆ ఆచారం మీద నమ్మకం లేకపోయినా దీపం ఫెబానే వెలిగించేది. తర్వాత వాదన మొదలయ్యేది.

"మెస్సీయ, అదే దేవుడు పంపుతానన్న రక్షకుడు, మనిషేనన్నా," అనేవాడు సంజీవయ్య నాతో. "ఇంకా రాలా. వస్తే లోకంలో కొట్లాటలు ఆగిపోవాల. ఆగినాయా? దేవుడు ఒక్కడే. మనిషై పుట్టడు."

"ఉత్త మనిషైతే నన్నెట్ల రక్షిస్తాడు?" అనేది ఫెబా, అన్నం వడ్డిస్తూనే. "దేవుడే దిగొచ్చినాడు. అందుకే మనకు దిక్కుంది. నువ్వెన్నన్నా చెప్పు."

నన్ను తీర్పు చెప్పమనేవాళ్లు. మా ముస్లింల లెక్కలో ఈసా, అంటే వాళ్ల ఏసు, మసీహే, వచ్చిన ప్రవక్తే, కానీ దేవుడు కాడు. ఆ మాట చెప్తే సంజీవయ్య నవ్వేవాడు. "సగం నా పక్క, సగం ఆమె పక్క ఉండావు. నీతో లాభంల్యా."

వాదన ఎంత సాగినా ప్రార్థన మాత్రం ఒకటే. మొదలుపెట్టేది ఆయన. పని గురించి, వాన గురించి, నా పిల్లల గురించి కూడా అడిగి, ఆగిపోయేవాడు. క్రైస్తవుల ప్రార్థన అక్కడ ఆగదు. 'యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ' అంటేనే ముగిసినట్టు. ఆయన అనడు. ఆయన ఆగిన చోట ఫెబా మెల్లగా ఆ మాట అనేది. ఆమె అనేవరకు ఆయన కళ్లు తెరిచేవాడు కాదు. తర్వాత ఇద్దరూ ఒకేసారి ఆమెన్ అనేవాళ్లు. ఇదేం కాపురమప్పా అని నాకు నవ్వొచ్చేది.

మొన్న ఎండాకాలంలో ఫెబా గుండెజబ్బుతో పోయింది. నంద్యాలలో వాళ్ల చర్చి సంఘం సమాధుల తోటలోనే పెట్టారు. ఆమె కోరినట్టే సమాధి రాయి సంజీవయ్యే చెక్కాడు. పేరు కింద 'యేసే నా దేవుడు' అని ఉండాలని ఆమె అడిగింది. ఆ మాట చెక్కిన పూట ఆయన ఉలి నాలుగుసార్లు నా కొలిమికి వచ్చింది. మొద్దుబారలేదు, ఊరికే తెచ్చాడు. పదునుగానే ఉంది కదప్పా అన్నాను. అక్కడే కూర్చుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

పోయినవాళ్ల తాలూకు మనుషుల్ని ఓదార్చడానికి సంఘం పెట్టే ఆదరణ కూడికకు ఆయన్ని నా బండి మీదే నంద్యాల తీసుకుపోయాను. ఫెబా అన్న ఎలీషా ఆ సంఘంలో పెద్ద. మమ్మల్ని గేటు దగ్గరే పక్కకు పిలిచాడు.

"ఫెబా పక్కన జాగా ఆపి పెట్టినా బావా. నీకే," అన్నాడు. "సంఘం ఒప్పుకోల్యా. ఈ పొద్దు నువ్వు ప్రార్థన చేసి, ఆ నామంలో ముగించు. చాలు. మిగిలింది నేను చూసుకుంటా."

సంజీవయ్య చెప్పులు విప్పి గేటు పక్కన పెట్టాడు.

"రాతి మీద చెక్కినోడివి, నోటితో అనలేవా?"

"రాయి ఆమెది బావా. నోరు నాది."

ఎలీషా చెడ్డవాడు కాదు. ఆయన కళ్లల్లో నీళ్లు కనబడ్డాయి. "ఆలోచన చేసుకో," అని లోపలికి పోయాడు.

పాటలయ్యాక సంజీవయ్యను లేవమన్నారు. అందరూ తలలు వంచారు. నాకు కళ్లు మూసుకోవాలో వద్దో తెలియక చూస్తూ కూర్చున్నాను. ఆయన ఫెబా గురించి దేవుడికి చెప్పాడు. ఆమె చేతి వంట గురించి, ఆమె మొండితనం గురించి, శుక్రవారం దీపం గురించి. వెనకాల ఆడవాళ్లు ఏడ్చారు. తర్వాత ఆగిపోయాడు.

ఎవరూ తల ఎత్తలేదు. ముగింపు రాలేదు కాబట్టి ప్రార్థన అయిపోయిందని ఎవరికీ తెలియదు. ఎలీషా పెదాలు ఆ మాట కోసం సిద్ధంగా కదులుతున్నాయి. అనెయ్యి స్వామీ, నీ సొమ్మేం పోతుందని నాకు లోపల కోపం ఉడికిపోయింది.

"ఈడ ఫెబా ఒక మాట అంటాండె," అన్నాడు సంజీవయ్య. "అది ఆమె మాట. నేను దొంగిలించను. దేవా, ఆమె అన్నట్టే అనుకో."

కూర్చున్నాడు. ఆమెన్ అనాలో లేదో ఎవరికీ తెలియలేదు, ఎవరూ అనలేదు. భోజనాల దగ్గర ఆయన పక్కన నేను తప్ప ఎవరూ కూర్చోలేదు. ఎలీషా మా వైపు చూడకుండానే వడ్డించాడు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో బండి ఆపి మరీ అరిచాను. "ఏందప్పా నీ పంతం? నాలుగు మాటలు అనుంటే ఆమె పక్కన జాగా దొరుకుతాండె కదా."

"దొరుకుతాండె," అన్నాడు. "ఇన్నేండ్లు ఆమె పక్కన పండుకున్నా, ఎప్పుడూ అబద్ధం చెప్పలా. మట్టిలో కొత్తగా మొదలుపెట్టమంటావా?"

నేను బండి స్టార్ట్ చేశాను.

తర్వాతి శుక్రవారం నన్ను పిలవలేదు. నేనే పోయాను. దీపం ఆయనే వెలిగించుకున్నాడు. అన్నం మెత్తగా ఉడికిపోయింది, పప్పులో ఉప్పు లేదు. ఎదురుగా ఫెబా కూర్చునే చోట పీట అలాగే ఉంది. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. పని గురించి అడిగాడు, వాన గురించి అడిగాడు, నా పిల్లల గురించి అడిగాడు. ఎప్పుడూ ఆగే చోట ఆగాడు.

కళ్లు తెరవలేదు. నేను చెయ్యి కంచం మీద పెట్టి, ఎత్తలేక దించలేక కూర్చున్నాను. వీధిలో ఆటో ఒకటి పోయింది. ఆయన ఇంకా వింటున్నట్టే ఉన్నాడు. తర్వాత ఒక్కడే ఆమెన్ అని కళ్లు తుడుచుకున్నాడు.

"తినన్నా," అన్నాడు. "ఈపాటికి అనేసుంటాది."