తలకిందుల కళ్ళజోళ్ళు

బాపట్లలో బి.ఇడి. చదివే రోజుల్లో మా లెక్చరర్ గారు ఒక సీడీ తెచ్చారు. ఎరుపు, నీలం జిలెటిన్ కాగితాల అట్ట కళ్ళజోడు పెట్టుకుంటే, ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసిన గుండె బొమ్మ మన ముందుకు పొడుచుకొచ్చేది. దాని మీద మా క్లాసు రెండుగా చీలింది.

"మన బళ్ళల్లో ఫ్యానుకే కరెంటుండదు, దీనికెక్కడ తెస్తామండి?" అన్నాడొకడు.

"చార్టు పెడితే నిద్రపోతున్నారుగా. లేపేదేదైనా మంచిదేనండి," అంది రేపల్లె నుంచి వచ్చే అమ్మాయి.

"పాఠమా, తిరణాల్లో బయాస్కోపా?" అన్నాను నేను. అందరూ నవ్వారు. నిజానికి రంగు సుద్దలతో బొమ్మలు గీయడంలో నన్ను మించినవాడు లేడని నా గర్వం. ఆ గుండె లేచి రాగానే నా సుద్దలకు కాలం చెల్లిందని భయమేసింది. అందుకే ఆ వెటకారం.

ఆ అమ్మాయి బడి పిల్లలకు చెప్పాల్సిన తన ఫైనల్ లెసన్ దానితోనే చెప్తానంది. మార్కులు వేయడానికి బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. అది పాడైతే ఏడాది కష్టం వృథా. క్రిస్మస్ నక్షత్రాలకు వాడగా మిగిలిన అలాంటి రంగు కాగితాలు నాకు తెచ్చిచ్చింది.

"అన్నయ్యా, మీ తెనాల్లో పెళ్లికార్డుల అట్టలు దొరుకుతాయిగా, కళ్ళజోళ్ళు చేసి పెట్టండి. ఎడం కంటికి ఎరుపు, మర్చిపోకండేం."

సరేనన్నాను. టీవీలో క్రికెట్ చూస్తూ, అట్ట ఎటు తిప్పానో గమనించకుండా అంటించాను. ఒక్కటైనా పెట్టుకుని చూడలేదు.

పాఠం రోజున బడి కిటికీలకు దుప్పట్లు కట్టి ప్రొజెక్టర్ వేశారు. పిల్లలతోపాటు ఎగ్జామినర్ గారూ కళ్ళజోడు పెట్టుకున్నారు.

"టీచర్, గుండె గోడలోకి పోయిందండి!"

ఆమె తన కళ్ళజోడు తీసి చూసింది. ఎడమ వైపు నీలం. క్లాసు వెనక కూర్చున్న నేనూ నాది తీసి చూశాను. అదీ అంతే.

"అయితే బయటికి లాగుదామా? అందరూ కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకోండి, ఎరుపు ఎడం కంటికొస్తుంది," అంది తడబడకుండా.

గుండె ముందుకు దూకింది. క్లాసంతా ఒకటే కేక. ఎగ్జామినర్ గారు గాల్లోకి చెయ్యి చాచి తడిమారు.

"ఇవి అంటించిన మహానుభావుడెవరయ్యా?" అని అడిగారు పాఠం అయ్యాక. ఆమె నా పేరు చెప్పలేదు. నేనే లేచాను.

"నేనేనండి. చూసుకోకుండా అంటించాను. ఆవిడ తప్పేం లేదండి."

"అలాగా. తర్వాతి లెసన్ ఎవరిది?"

"నాదేనండి."

కిటికీలు తెరిచాక బోర్డు మీద మందారాన్ని ఎంతో శ్రద్ధగా గీశాను. పిల్లలు ఎంత చెప్పినా కళ్ళజోళ్ళు తీయలేదు. ముందు బెంచీ పిల్ల వాటిని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"సార్, మీ పువ్వు లేవట్లేదేంటండి?"

"నాకింకా రాదమ్మా. ఆ టీచర్ దగ్గర నేర్చుకుని చెప్తాను," అన్నాను.

వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది: "ముందు ఎడం చెయ్యేదో నేర్పాలండి అన్నయ్యకి!"