మఠం పక్కింటావిడ

ఈరోజు నేను తప్పు చేశాను. ఎదురు చెప్పకపోవడమే కాదు, తల కూడా ఊపాను.

ఇంగ్లండ్‌లో లీడ్స్ నగరం పక్కన మేముండే చిన్న ఊరికి, జర్మనీలోని ఓ పల్లెకు ఏళ్లనాటి స్నేహం. ఒక ఏడు వాళ్లు ఇక్కడికి, మరుసటి ఏడు మేం అక్కడికి. హోటళ్లుండవు, బస ఇళ్లలోనే. ఆ పల్లెలో ఉన్నదల్లా గోధుమ చేలు, ఒక బేకరీ, కొన్ని వందల ఏళ్ల నాటి క్రైస్తవ మఠం. పోయినేడు నేనూ నా భార్యా ఆ మఠం ప్రహరీని ఆనుకున్న ఇంట్లో దిగాం. ఇంటావిడకు డెబ్బై దాటాయి. మేం శనివారం మాంసం ముట్టమని తెలిసి నవ్వింది.

"మా సన్యాసులకు శుక్రవారం, మీకు శనివారం. నాకు రెండు రోజులూ వంట తేలికే" అంది, వచ్చీరాని ఇంగ్లిషులో.

ఆ శనివారం బంగాళదుంపల్లో ఎప్పుడూ వేసే పంది మాంసం ముక్కలు మానేసి, మాతోపాటు తనూ అదే తింది. మర్నాడు మఠం తోటంతా తిప్పి చూపించి, వచ్చే ఏడు మీ ఇంటికే వస్తానంది.

ఎల్లుండే వస్తోంది. ఎవరు ఎవరింట్లో దిగాలో తేల్చడానికి ఈ మధ్యాహ్నం చర్చి హాల్లో మీటింగ్ పెట్టారు. ఆవిడ తన ఫారంలో మా ఇల్లే కావాలని రాసింది. ఈ రాకపోకలు చూసే కమిటీ పెద్దాయన ఆ ఫారం పక్కన పెట్టేశాడు.

"పెద్దావిడ, పల్లెటూరి మనిషి. మసాలాలు పడవు. అయినా వాళ్లొచ్చేది అసలైన ఇంగ్లిష్ ఇల్లు చూడ్డానికి కదా. మీరేమీ అనుకోరుగా?"

పదకొండేళ్లుగా ఈ వీధిలో ఉంటున్నాను. మరి నాది నకిలీ ఇల్లా? మఠం నీడన బతికినంత మాత్రాన, ఎక్కడ ఉండాలో ఆవిడకు తెలియదా? ఈ ప్రశ్నలన్నీ ఇప్పుడు పుట్టుకొస్తున్నాయి. అక్కడ మాత్రం, "నో ప్రాబ్లం, మీరన్నదే కరెక్ట్" అంటూ తలూపాను. అందరిచేతా మంచివాడనిపించుకోవాలనే యావ నాది. ఆ యావకు ఈసారి ఆవిడ కోరికను బలిపెట్టాను.

ఇంటికొచ్చి చెప్పేసరికి, గెస్ట్ రూమ్‌లో దుప్పటి పరుస్తున్న నా భార్య ఆగిపోయింది.

"ఏంటండీ, కోరి వస్తానన్న మనిషిని వద్దని వచ్చారా?"

"నేను వద్దన్లేదు. వాళ్లే..."

"తలూపారుగా! ఆవిడ వడ్డిస్తుంటే ఇంకో గరిటె వెయ్యమని ఊపిందీ ఆ తలే!"

కారు తీసుకుని నేరుగా పెద్దాయన ఇంటికి వెళ్లాను. మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు.

"మీరన్నది అవమానం. ఔననడం నా పిరికితనం. ఆవిడ మా ఇంట్లోనే ఉంటుంది."

"అయ్యో, లిస్టు అందరికీ పంపేశానే!"

"ఇంకోటి పంపండి. అందాకా ఇక్కడే ఉంటాను."

గొణుక్కుంటూ ఫోన్ తీశాడు. కొత్త లిస్టు నా ఫోన్‌కి వచ్చేదాకా ఆ గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

తర్వాత కార్లో కూర్చుని ఆవిడకు ఫోన్ చేశాను. నేను తలూపిన సంగతితో సహా ఏదీ దాచకుండా చెప్పి, క్షమించమన్నాను. అటునుంచి సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, పెన్ను తెచ్చుకున్నాను, మీ అడ్రస్ చెప్పు అంది. ఒక్కో అక్షరం నిదానంగా చెప్పాను.