మాల్ అంటే ఏమిటని అడిగారు

ఆరేళ్లుగా ఒక చిన్న మాట నా గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు. ఆ మాట ‘మాల్’. హిందీలో సరుకు అని అర్థం. ఇంత చిన్న మాటకి అంత బరువేమిటి అంటారేమో. అనండి. ఆరేళ్లూ నాతో నేను అదే అన్నాను. పని చెయ్యలేదు.

నన్నెరిగినవాళ్లు ఇది నేను రాశానంటే నమ్మరు. నేను తప్పు ఒప్పుకునే రకం కాదు. ఇంట్లో, ఆఫీసులో, మా అపార్ట్‌మెంట్ మీటింగుల్లో, ఎక్కడైనా ఆఖరి మాట నాదే. ‘నీతో వాదించే బదులు సాయంత్రం ఆరింటి రద్దీలో రాజీవ్ చౌక్‌లో మెట్రో ఎక్కడం తేలిక’ అంటాడు మా ఆయన. అది తిట్టు అని నాకెప్పుడూ తోచలేదు. బిరుదనుకుని మోశాను. ఇప్పుడు చెప్పబోయేదంతా అక్కడే మొదలైంది.

నోయిడాలో ఒక చిన్న కన్సల్టెన్సీలో పని చేస్తాను. ఉక్కు మిల్లులకు కర్బనం లెక్కలు కట్టిపెట్టడం మా పని. ఒక టన్ను ఉక్కు తయారయ్యేలోపు గాల్లోకి ఎంత పాపం వెళ్లిందో తేల్చడం అనుకోండి. విదేశాల్లో కొనేవాళ్లు ఆ కాగితం ఉంటేగానీ సరుకు ముట్టం అంటున్నారు. దాన్ని తగ్గించుకోవాలన్నా ముందు ఎంతుందో నిజంగా తెలియాలి. తప్పు లెక్క మీద ఏం తగ్గిస్తారు? ఈ ముక్క నేనే పదిమందికి చెబుతుంటాను. నవ్వకండి, అసలు సంగతి ఇంకా రాలేదు.

ఒక్క విషయం తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. కొలిమిలో రెండు రకాల ఇనుము పోస్తారు. ఒకటి పాత ఇనుము, స్క్రాప్. దాని పొగ అది ఎప్పుడో కక్కేసింది కాబట్టి మా లెక్కలో దానికి సున్నా. రెండోది స్పాంజ్ ఐరన్, ఖనిజాన్ని బొగ్గుతో కాల్చి చేసిన నల్లటి గుళ్లు. ఆ బొగ్గు పొగంతా మూట కట్టుకుని లెక్కలోకి వస్తుంది. కరిగాక మాత్రం ఏది ఏదో బ్రహ్మ కూడా చెప్పలేడు. రెండూ ఒకే ఎరుపు.

ఆ మిల్లు ఘాజియాబాద్‌లో ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు, ఏ పూట కొలిమిలో ఎంత పోశారో రాసే పుస్తకం తిరగేశాను. పేజీ నిండా ఒకటే మాట, మాల్. ఇంత మాల్, అంత మాల్. కిటికీలోంచి చూస్తే ఆవరణంతా పాత ఇనుము గుట్టలు. నలిగిన డబ్బాలు, సైకిల్ చట్రాలు, కూల్చిన ఇళ్ల ఊచలు. మాల్ అంటే ఇదే అనుకున్నాను. రిపోర్టులో ఇంగ్లిషులో స్క్రాప్ అని రాశాను. ఎవర్నీ అడగలేదు. అడగడం నాకు అలవాటు లేదు, చెప్పడమే అలవాటు. అయినా అక్కడిదాకా అది పొరపాటే. పొరపాటుకి ఎవరూ ఆరేళ్లు నిద్ర పాడుచేసుకోరు.

అడగాల్సిన మనిషి అక్కడే ఉన్నారు. కొలిమి చూసే ఇన్‌ఛార్జ్. శ్రీకాకుళం వైపు మనిషి. పదిహేనేళ్లుగా ఘాజియాబాద్‌లోనే ఉంటున్నారు. ఇంటిపేరేదైనా, తెలుగువాడైతే చాలు ఈ ఉత్తరాదిలో రావ్‌జీ అయిపోతాడు. ఈయనా రావ్‌జీయే. అసలు పేరు నేనిక్కడ రాయను. ఆ పేరు రాకూడని చోట ఒకసారి రాయించాను, చాలు. నేను తెలుగుదాన్నని తెలియగానే ఆయన మొహం విప్పారింది. ‘ఏటమ్మా, మనోళ్లా!’ అని తనే వెళ్లి టీ తెచ్చారు. నీలం అద్దం కళ్లకడ్డంగా పెట్టుకుని, కరిగిన ఇనుము రంగు చూసి ఎంత వేడిగా ఉందో చెప్పేవారు. యంత్రం ఆ తర్వాత అదే చెప్పేది. నేను ఆఫీసుకి వచ్చి ఏం చేశాను? ఇంకో తెలుగావిడ ముందు ‘ఏటమ్మా’ని అనుకరించి నవ్వించాను. ఇదీ రాయాలి. ఇది కూడా ఆ బరువులో భాగమే.

రిపోర్టు చూసి మా బాస్‌కి అనుమానం వచ్చింది. నూటికి నూరూ స్క్రాపే అంటే నమ్మబుద్ధి కావడం లేదు, ఇటువైపు మిల్లుల్లో స్పాంజ్ కలపనివాళ్లు అరుదు అని మీటింగులో అన్నారు. మర్యాదగానే అన్నారు. నాకు మండింది. మీరెప్పుడైనా ఏసీ గది దాటి కొలిమి మొహం చూశారా అన్నాను. గది నవ్వింది. ఆ నవ్వు తలకెక్కింది. ఇది తప్పని తేలితే నా పేరు మార్చుకుంటాను అని కూడా అనేశాను. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. నోరుంది, అంది.

రెండు వారాలకు, కొనే కంపెనీ తరఫున తనిఖీకి ఒక పంజాబీ అమ్మాయి వచ్చింది. కొత్త హెల్మెట్, చేతిలో టాబ్లెట్. చూద్దాం పదండి అంటూ మా బాస్ కూడా వచ్చారు. కొలిమి షెడ్డులో నలుగురం నిలబడ్డాం. నేను, బాస్, ఆ అమ్మాయి, రావ్‌జీ. మిల్లు మేనేజరు ఫోనొచ్చిందని బయటికి వెళ్లాడు. అమ్మాయి ఆ పుస్తకంలో వేలు పెట్టి, ఈ మాల్ అంటే ఏమిటని అడిగింది.

“రావ్‌జీ, యే మాల్ క్యా హై?”

రావ్‌జీ ఆమె వైపు చూడలేదు. నా చేతిలోని రిపోర్టు వైపు చూశారు. పొద్దున ఆఫీసు గదిలో అది ఆయన కంట పడింది. ఇంగ్లిషు పెద్దగా రాకపోయినా స్క్రాప్ అన్న ఆ అయిదక్షరాల మాట చదవడం వచ్చు. తర్వాత నాతో తెలుగులో, గొంతు తగ్గించి, పొడుగ్గా చెప్పారు.

“అమ్మా, మాలంటే ఉట్టి స్క్రాపు కాదండి. సగానికి పైన స్పాంజే ఏస్తాం. వాన తగిల్తే వేడెక్కిపోతాదని ఎనక షెడ్డులో కప్పెట్టి ఉంచినాం, సూడండి. కాయితంలో తప్పు పడిపోనాది. మీరే దిద్దీయండి తల్లీ, నేకపోతే రేపు మీకు మాటొచ్చీగలదు.”

‘మీకు మాటొచ్చీగలదు.’ నాకు చెడ్డపేరు వస్తుందని ఆయన భయం. అందుకే తెలుగులో చెప్పారు. పదిహేనేళ్ల హిందీ నోట్లో ఉండి కూడా, నా తప్పు నేనే దిద్దుకునే దారి ఒకటి తెరిచి పెట్టారు. ఎవరికీ తెలియకుండా. మర్యాదగా.

“క్యా బోల్ రహే హైఁ?” అంది అమ్మాయి, ఏమంటున్నారని.

మా బాస్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెదవి చివర చిన్న నవ్వుందనిపించింది. ఉందా? ఇన్నేళ్లూ ఆ నవ్వుని వెతుకుతూనే ఉన్నాను. ఉంటే నాకో సాకు దొరుకుతుందని. లేదేమో. వేడికి మొహం ముడుచుకున్నారేమో.

“కహ్ రహే హైఁ, మాల్ మత్‌లబ్ స్క్రాప్,” అన్నాను. “సారా స్క్రాప్ హై.” మాల్ అంటే స్క్రాపేనంటున్నారు, అంతా స్క్రాపే అని.

రావ్‌జీకి హిందీ వచ్చు. ఆయనకి వచ్చని నాకు తెలుసు. నేను అబద్ధం ఆడింది ఆయన వెనకాల కాదు, ఎదురుగా. ఆయన నోట్లోంచి మాట తీసి, పారేసి, నాది పెట్టాను. ఆయన నా మొహంలోకి చూశారు. కోపంగా కాదు. రంగు చూసి వేడి చెప్పే మనిషి ఎలా చూస్తారో అలా.

“పక్కా, రావ్‌జీ?” అంది అమ్మాయి.

“మేడమ్‌నే బోల్ దియా న,” అన్నారాయన.

మేడమ్ చెప్పేశారు కదా. అంతే. అవును అనలేదు, కాదు అనలేదు. నలుగురిలో నా పరువు తీయలేదు, తను అబద్ధమూ ఆడలేదు. ఇంత చిన్న జవాబులో అంత చోటు నేనెప్పుడూ చూడలేదు. ఆ అమ్మాయి దాన్ని అవుననే అనుకుని పేరడిగింది. మన అలవాటు కొద్దీ ఆయన ఇంటిపేరు ముందు చెప్పారు. ఆమె ఇంటిపేరునే పేరనుకుని రాసుకుంది. వెనక షెడ్డు దాకా వెళ్లలేదు. తనిఖీ రిపోర్టు చివర ఇంగ్లిషులో ఒక వాక్యం చేరింది, ముడి సరుకంతా స్క్రాపేనని కొలిమి ఇన్‌ఛార్జ్ స్వయంగా ధ్రువీకరించారని. పక్కన ఆయన పేరు, తలకిందులుగా. ముసాయిదా నా చేతికే వచ్చింది. వాక్యం దిద్దలేదు. కనీసం పేరైనా దిద్దలేదు.

నా పేరు మార్చుకుంటానని కదూ పందెం కట్టింది? మారింది ఆయన పేరు.

కొన్ని నెలలకు బయటపడింది. ఇలాంటివి బయటపడకుండా ఎక్కడుంటాయి? స్పాంజ్ మోసుకొచ్చిన లారీల కాగితాలు కొనే కంపెనీ చేతిలో పడ్డాయి. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. తెలివైన పిల్ల. ఆ రోజు ఆయన తెలుగులో చాలాసేపు చెప్పారు, మీరు హిందీలో రెండే ముక్కలు చెప్పారు, ఇంకేమైనా అన్నారా అని అడిగింది. దిద్దుకునే దారి రెండోసారి తెరుచుకుంది. నేనేమన్నానో తెలుసా? మా తెలుగు అంతేనమ్మా, ఒక్క మాటకి నాలుగు మాటలు సాగదీస్తాం అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఒక మనిషిని ముంచడానికి నా భాషనే అబద్ధం చేశాను.

తప్పు మోపడానికి మిల్లువాళ్లకు ఎవరో ఒకరు కావాలి. కాగితం మీద ఒక పేరుంది. ఆయన్ని తీసేశారు. నాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఓసారి వెళ్తే కొలిమి దగ్గర వేరే ఎవరో ఉన్నారు. గేటు దగ్గర కాపలాదారుని అడిగాను. ‘ఝూఠ్ బోలా థా న మేడమ్, నికాల్ దియా’ అన్నాడు. అబద్ధం ఆడాడు కదా, గెంటేశారు. ఎంత మామూలుగా అన్నాడంటే, నిజమేనేమో అని ఒక క్షణం నాకే అనిపించింది. పదిహేనేళ్ల మనిషి. ఆ కొలిమిని కంటిచూపుతో నడిపిన మనిషి. అబద్ధాలకోరు.

మా బాస్ నన్ను ఓదార్చారు. ఇది మరీ అన్యాయం. ‘పాపం, మిమ్మల్ని మోసం చేశాడు’ అన్నారు. ‘పోనీలెండి’ అన్నాను నేను. పెద్దమనసుతో! ఈ రెండు మాటలు తలుచుకున్నప్పుడల్లా వంటగదిలో ఒక్కదాన్నే ఉన్నా మొహం దాచుకోవాలనిపిస్తుంది.

రెండుసార్లు ఆయన ఫోన్ చేశారు. మొదటిసారి మెట్రోలో ఉన్నాను. తెర మీద ‘రావ్‌జీ కొలిమి’ అని వెలిగింది. చుట్టూ జనం, గోల, ఇప్పుడెలా ఎత్తుతాను అనుకున్నాను. రెండోసారి ఇంట్లో ఉన్నాను. చుట్టూ ఎవరూ లేరు. అప్పుడూ ఎత్తలేదు. ఏమడగాలనుకున్నారు? తను చెప్పిందేమిటో ఎవరికైనా ఒక్క మాట చెప్పమనా? తిట్టడానికా? తిడితే బావుండేది, తిట్లకి నా దగ్గర ఎప్పుడూ జవాబుంటుంది. నా అసలు భయం అది కాదు. ‘మీకేం మాట రాలేదు కదమ్మా’ అని అడుగుతారేమోనని. మూడోసారి చెయ్యలేదు. నంబరు ఇంకా ఉంది. ఆ తర్వాత నేనూ చెయ్యలేదు.

నాతో నేను చాలా వాదించాను. మిల్లు యజమానికి తెలియదా, ఆయనెందుకు నోరు మూసుకున్నాడు? ఆ అమ్మాయి వెనక షెడ్డుకి ఎందుకు వెళ్లలేదు? ఈ దేశంలో ఇంతకన్నా పెద్ద అబద్ధాలతో ఎన్ని ‘పచ్చని ఉక్కు’ కాగితాలు నడవడం లేదు? చలికాలం ఘాజియాబాద్ మీద కూర్చునే ఆ బూడిదరంగు ఆకాశానికి నా ఒక్క మాటా కారణం? అన్నీ మంచి వాదనలే. ప్రతిదాంట్లోనూ నెగ్గాను. నెగ్గిన ప్రతిసారీ ఆ ముల్లు ఇంకాస్త లోపలికి దిగింది. స్పాంజ్‌ని స్క్రాప్ అన్నందుకు గాలిలో పొగ ఒక్క పిసరు తగ్గలేదు. కాగితం మీద మాయమైంది. మాయమైన పొగ ఎక్కడికీ పోలేదు, ఒక మనిషి పేరు మీద మసిగా పేరుకుంది.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నేనే పాఠం చెబుతాను. పుస్తకంలో రాసింది నమ్మకండి, కొలిమి దగ్గర పనిచేసేవాళ్లని అడగండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి అంటాను. శ్రద్ధగా రాసుకుంటారు. ఈ పాఠం ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్ అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఇక్కడ నా పేరు లేదని గమనించే ఉంటారు. ఆయన పేరు కాగితం మీద ఉంది, నాది ఇప్పటికీ లేదు. పిరికితనం అంటే కాదనను. మొదటిసారిగా ఒకరితో వాదించడం లేదు. క్షమించమనీ మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు, క్షమించగల మనిషి ఫోన్ నేను ఎత్తలేదు. ఒక్కటే మిగిలింది. ఆ రోజు ఒక మనిషి చెప్పింది ఇంకో మనిషికి చేర్చాల్సిన పని నాది. అది అలాగే ఉండిపోయింది. ఆయన ఏమంటున్నారని కదూ ఆ అమ్మాయి అడిగింది?

‘కహ్ రహే హైఁ, యే సిర్ఫ్ స్క్రాప్ నహీఁ హై. ఆధే సే జ్యాదా స్పాంజ్ హై. పీఛే షెడ్ మేఁ రఖా హై, దేఖ్ లీజియే. మేరే కాగజ్ మేఁ గల్తీ హై.’

ఆయన చెప్పిందే, ఆఖరున తప్పు నా కాగితంలో ఉందని. ఒక్క గుక్కలో అయిపోయింది. ఇంతే.